పక్కవాడి హాజరు

6 సెప్టెంబర్ 2025, శనివారం

పొద్దున సింధూజ ఫోన్ చేసింది. సురేందర్ బిడ్డ.

"కాకా, బాపు రిపోర్టులు వచ్చినయ్," అని ఆగిపోయింది.

జూన్ నుంచి వాడి గొంతు బొంగురు. మామిడికాయ తొక్కు మానెయ్యి, తగ్గిపోతుంది అని వైద్యం చెప్పింది నేనే. లెక్కల టీచర్ వైద్యం చేస్తే ఇట్లాగే ఉంటుంది. తొక్కు కాదట. గొంతులో మాట పుట్టే చోట గడ్డ ఉందట. దాంతోపాటు ఆ మాట పుట్టే పెట్టె మొత్తం తీసేయాలట. మెడకు ముందు ఒక రంధ్రం పెడతారు, ఊపిరి ఇక అందులోంచే. మాట ఉండదు. తీయకపోతే కొన్ని నెలల్లో మనిషే ఉండడు.

"బాపు వద్దంటుండు కాకా. నువ్వు చెప్పు. నీ మాటైతె ఇంటడు."

నా మాట వాడు ఏనాడు విన్నాడు? బోధన్ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చున్ననాటి నుంచి వాడు మాట్లాడటం, నేను వినడం. ఆ తర్వాత నిజామాబాద్ బస్టాండులో మైకు వాడి చేతికి వచ్చింది. ఊరు ఊరంతా విన్నది. తెలుగులో బోధన్ బస్సు, ఉర్దూలో హైదరాబాద్ బస్సు, మరాఠీలో నాందేడ్ బస్సు. నేను బడికి పోతూ రోజూ వినేవాణ్ని, నా బస్సు కాకపోయినా ఆగి వినేవాణ్ని.

సింధూజతో సరే అన్నాను.

7 సెప్టెంబర్

వాడికేం కాదు.

8 సెప్టెంబర్

నాకు బీపీ ఎక్కువగా ఉంది. తొక్కు మానేయాలి.

12 సెప్టెంబర్, శుక్రవారం

సురేందర్ ఇంటికి పోయాను. వరండాలో కూర్చుని పేపర్ పైకి చదువుతున్నాడు, వంటింట్లో వాళ్లావిడకు వినిపించేలా. జల్లెడలో గులకరాళ్లు వేసి ఊపినట్టుంది ఆ గొంతు. నన్ను చూడగానే పిడికిలి మైకులా నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. మార్కండేయ సారు ఏడుపు మొఖంతోని ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం మీదికి వస్తున్నరు. దయచేసి పక్కకు జరుగుండ్రి."

నవ్వాను. నవ్వకపోతే నవ్వేదాకా వదలడు.

అనసూయమ్మ వదిన చాయ్ తెచ్చింది. "నువ్వన్న జెప్పు అన్నా. ఆపరేషన్ పేరెత్తితె లేసి పోతుండు. మాట లేకుంటె ఏమాయె? మనిషి కండ్ల ముంగట ఉంటడు గద."

"పెండ్లయిన కాడి నుంచి నోరు ముయ్యి నోరు ముయ్యి అన్నది ఈమెనే," అన్నాడు వాడు. వదిన కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

అప్పుడు నా వైపు వంగి మెల్లగా అడిగాడు. "దసరా వస్తుంది. సార్ తాన హాజర్ ఎట్లరా?"

ఒళ్లు మండింది. ప్రాణం మీదికొస్తే వీడికి రాజలింగం సార్ హాజరు గుర్తొచ్చింది.

కానీ నాకు తెలుసు వాడెందుకు అన్నాడో. కాలేజీలో సార్ లెక్కల క్లాసు మొదలుపెట్టే ముందు పేర్లతో హాజరు పిలిచేవారు. నంబర్లు లెక్కలకు, మనుషులకు పేర్లు అనేవారు. చలికాలం చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ. చెరుకు బండ్లు గేటు ముందు వరుసలో నిలబడేవి, తండ్రులు తిండికీ నిద్రకూ ఇంటికి పోతే కొడుకులు బండి దగ్గర కాపలా. బండి వదిలి వస్తే వరుస పోతుంది, క్లాసు వదిలితే పరీక్షకు హాజరు చాలదు. అట్లాంటి వాళ్లందరికీ సురేందర్ పలికేవాడు. హన్మండ్లుది ముక్కుతో సన్నగా "యెస్సార్". లింబయ్యది ముందొక దగ్గు, తర్వాత అడుగు నుంచి "ప్రెజెంట్ సార్". ఒక్కడే పదిమంది. నేను ఒక్కరోజు కూడా ఎవరికీ పలకలేదు. నాకు ధైర్యం లేదు, గొంతూ లేదు. ధర్మరాజు అని ఏడిపించేవారు.

ఇప్పుడు సార్‌కు కళ్లు కనబడవు. ప్రతి దసరా మర్నాడు బోధన్ పోయి ఆయనకు జమ్మి పెడతాం. ఎవరు వచ్చారో తెలియడానికి ఆయన మళ్లీ పేర్లు పిలుస్తారు, అన్నీ నోటికే. హన్మండ్లు చనిపోయిన ఏడు, ఆయన "హన్మండ్లు" అని పిలిస్తే ఎవరికీ నోరు రాలేదు. ఆ వయసులో ఆయనకు చెప్పేదెట్లా? సురేందర్ సన్నగా ముక్కుతో "యెస్సార్" అన్నాడు. సార్ నవ్వారు. నిరుడు లింబయ్య పోయాడు. దగ్గు, ప్రెజెంట్ సార్. ఒకసారి అబద్ధమాడితే ప్రతి దసరాకూ ఆడాలి కదా.

"నా గొంతు వోతె ముగ్గురం వోతంరా ఒక్కసారే," అన్నాడు.

పిచ్చి ముండాకొడకా అని తిట్టి వచ్చేశాను. ఆటోలో కళ్లనీళ్లు ఆగలేదు.

వాడు కాల్చిన బీడీల్లో సగం మా అవ్వ చుట్టినవే. వాణ్ని చిన్న కొడుకులా చూసి కట్టకు కట్ట చేతిలో పెట్టేది.

ఇది రాయకుండా ఉండాల్సింది.

15 సెప్టెంబర్

బస్టాండు వైపు పోయాను. బస్సు టైములు కనుక్కోవడానికి. ఇప్పుడు అక్కడ మైకులో రికార్డు చేసిన ఆడగొంతు, అన్ని ఊర్లనూ ఒక్కలాగే పిలుస్తుంది. సురేందర్ "జానకంపేట, ఎడపల్లి, బోధన్" అంటుంటే ఒక్కో ఊరు దగ్గరికి వస్తున్నట్టు ఉండేది. రెండు బోధన్ బస్సులు పోయేదాకా కూర్చున్నాను.

సవిత అడిగింది, బస్సు టైములకు ఇంతసేపా అని. మా ఆవిడకు అన్నీ కావాలి.

21 సెప్టెంబర్, పెత్రమాస

బాపు పేరు మీద, అవ్వ పేరు మీద అయ్యగారికి బియ్యం ఇచ్చాను. హన్మండ్లు, లింబయ్యల పేర్లు కూడా చెప్పాను. అయ్యగారు గోత్రం అడిగితే, రాజలింగం సార్ క్లాసు అన్నాను. ఆయన నా మొహం చూసి ఊరుకున్నాడు. సాయంత్రం వాడలో ఆడవాళ్లు బతుకమ్మ ఎత్తారు. పాటలు వినబడుతుంటే తలుపు వేసుకున్నాను.

28 సెప్టెంబర్

సింధూజ మళ్లీ ఫోన్. మెట్లెక్కుతుంటే బాపుకు ఊపిరి ఆడలేదట. డాక్టర్ ఇక ఆగొద్దన్నాడట. వాడు మాత్రం దసరా కానియ్యి అంటున్నాడట.

వాడికేం కాదు. కాదు.

2 అక్టోబర్, దసరా

ఈసారి దసరా, గాంధీ జయంతి ఒక్కనాడే వచ్చాయి. ముక్క లేదు, చుక్క లేదు. మా వాడకట్టంతా సంతాపదినంలా ఉంది. భూమేష్ బోధన్ నుంచి ఫోన్ చేశాడు. "గాంధీ తాతకు ఇయ్యాల మొక్కుదాం, రేపు మనం తిందాం. అంకాపూర్ కోడికూర చెప్పిన. సురేందర్‌ను తీస్కరా." మా క్లాసులో బోధన్ విడవనివాడు భూమేష్ ఒక్కడే. చెరుకు పోయి వరి వచ్చింది, వాడు మాత్రం ఒక మడి చెరుకు ఇంకా వేస్తాడు, మేం తినడానికి. పళ్లున్నవాళ్లు ఎంతమందని అడిగితే వినడు.

3 అక్టోబర్, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

సార్ ఇంట్లో ఏడుగురం. సార్ మంచం మీద తెల్ల ధోతీలో గోడకు ఆనుకుని ఉన్నారు. ఒక్కొక్కరం జమ్మి చేతిలో పెట్టి కాళ్లు మొక్కాం. సార్ గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"భూమేష్."

"యెస్ సార్."

"లింబయ్య."

సురేందర్ దగ్గాడు. ఆ దగ్గు నటన కాదు. "ప్రెజెంట్ సార్." ఈ బొంగురులో లింబయ్య గొంతు ఎన్నడూ లేనంత బాగా దిగింది.

"హన్మండ్లు."

సన్నటి గొంతు రావాలి. సురేందర్ నోరు తెరిచాడు. రాలేదు. ఇంకోసారి ప్రయత్నం చేశాడు, గాలి ఒక్కటే వచ్చింది. మెడ నరాలు ఉబ్బాయి. తర్వాత పట్టుకుంది దగ్గు, భూమేష్ వీపు రాస్తూ నిలబడ్డాడు. నేను జమ్మి ఆకును నలుపుతూ కూర్చున్నాను. పలకొచ్చు కదా నేను. ముక్కుతో ఒక్క ముక్క. పలకలేదు.

దగ్గు ఆగాక సార్ అన్నారు, "సాలు సురేందర్. హన్మండ్లు వోయిన్నాడె నాకు ఎరికె. లింబయ్యది గూడ."



"మరి ఎందుకు పిలుస్తున్నరు సార్?" అన్నాడు భూమేష్.

"మీరు పలుకుతున్నరు గదరా. వాళ్లను మర్సిపోలేదని నాకు సంతోషం." చేతిలో జమ్మి తడుముకున్నారు. "గప్పుడు గూడ గంతే. నేను రోజు ఫ్యాక్టరీ గేటు ముంగట్నుంచే కాలేజీకొస్తుంటి. హన్మండ్లు బండి మీద గొంగడి కప్పుకొని కూసుండి నాకు నమస్తె వెడుతుండె. క్లాసుకొచ్చి పిలిస్తె యెస్సార్ అంటుండె. నా కండ్లు గప్పుడు మంచిగనే ఉండె."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇన్నేళ్లూ మేం ఆయన్ను మోసం చేస్తున్నామనుకున్నాం. ఆయన హాజరు వేశారు, పరీక్షకు పంపారు, ఒక్క మాట అనలేదు.

భూమేష్ అప్పటికే ఆపరేషన్ సంగతి ఆయన చెవిలో వేసినట్టున్నాడు. సార్ చెయ్యి చాపితే సురేందర్ దగ్గరికి జరిగాడు.

"ఆపరేషన్ జేయించుకో. ఒకల కోసం నువ్వు శానా పలికినవ్."

"మీకు నేను కనవడ సార్," అన్నాడు సురేందర్. ఆ మాట అడిగేటప్పుడు వాడు క్లాసులో పిల్లవాడిలా ఉన్నాడు. "గొంతు లేకుంటె నేనొచ్చిన్నని మీకెట్ల తెల్వాలె? నా హాజర్ ఎవలు పలుకుతరు?"

"పక్కోడు పలుకుతడు," అన్నారు సార్.

పక్కోణ్ని నేనే. అందరూ నా వైపు చూశారు. నేను కోడికూర వేడి చేయాలేమో చూస్తానని లేచాను.

తిరుగు బస్సులో సీటు దొరకలేదు. ఫ్రీ బస్సు వచ్చినప్పటి నుంచి సీట్లన్నీ అక్కలవే, మగవాళ్లం కడ్డీ పట్టుకుని వేలాడటమే. ఎడపల్లి దాటాక ఒక ఆడమనిషి లేచి సురేందర్‌కు సీటిచ్చింది. వాడు కూర్చుని నన్ను చూడకుండానే అన్నాడు, "సింధూజకు ఫోన్ జెయ్యి. డేట్ తీస్కొమ్మను."

13 అక్టోబర్

సాయంత్రం హైదరాబాద్ ఆస్పత్రి నుంచి ఫోన్ చేశాడు. రేపు ఆపరేషన్. ఆఖరి మాట ఏదో గొప్పగా చెబుతాడని నేను మంచం మీద సర్దుకుని కూర్చున్నాను.

"ఈడ చాయ్‌ల చక్కెర ఎయ్యరురా. బోధనోనికి చక్కెర లేని చాయ్ ఇచ్చిండ్రు," అన్నాడు. తర్వాత, "ప్రాక్టీస్ చెయ్." పెట్టేశాడు.

పెట్టేలోపు నేను ఏదైనా అనాల్సింది.

14 అక్టోబర్

లోపలికి తీసుకుపోయారు. సవిత దేవుడి దగ్గర కూర్చుంది. నేను తొమ్మిదో తరగతి లెక్కలు చేస్తూ కూర్చున్నాను. ఒక్కటీ సరిగా రాలేదు.

15 అక్టోబర్

బాగైంది. గడ్డ మొత్తం తీసేశారట. బతికాడు నా దోస్తు.

9 నవంబర్, ఆదివారం

వాడు ఇంటికొచ్చాక ఇది మూడోసారి పోవడం. మెడకు తెల్లటి గుడ్డ కట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. ఏదైనా కావాలంటే మంచం పట్టె మీద అరచేత్తో ఒక్క చరుపు. అనసూయమ్మ వదిన ఉరికి వస్తుంది. పలక కొనిచ్చారు, ముట్టడు. ఫోన్‌లో రాయమంటే రాయడు. నేను మాట్లాడితే కళ్లు మూసుకుంటాడు. ఇన్నేళ్లూ వాడు మాట్లాడాడు కాబట్టి నాకు మాటలు అక్కరలేకపోయాయి. ఇప్పుడు వాడి పక్కన కూర్చుంటే ఏం చెప్పాలో తోచదు. ఉల్లిగడ్డ ధర చెప్పి వచ్చాను.

11 నవంబర్

ఉల్లిగడ్డ ధర!

26 నవంబర్

స్నానాల గదిలో ప్రాక్టీస్ చేస్తుంటే సవిత తలుపు కొట్టింది.

"లోపల ఎవరున్నరు? ఎవరితోని మాట్లాడుతున్నరు?"

"ఎవరూ లేరు."

"మరి యెస్ సార్ యెస్ సార్ అంటున్నరు. రిటైరైనంక గూడ హెడ్మాస్టర్ భయమేనా?"

బకెట్ మీద కూర్చుని నవ్వాను. చాలా రోజులైంది.

14 డిసెంబర్, ఆదివారం

ఇవాళ అరిచేశాను. భూమేష్ ఫోన్ చేశాడు, చెరుకు తయారైంది, సార్ అడుగుతున్నారు, కొత్త సంవత్సరం రాగానే అందరం కలుద్దాం అని. సురేందర్‌కు చెబితే గోడవైపు తిరిగాడు. ఆ వీపు చూస్తే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నీ గొంతుతోనే మేం దోస్తానా చేసినమనుకుంటున్నవారా? గొంతే గావాలంటె బస్టాండ్ల మిషనున్నది, దాని పక్కన పోయి కూసుంట. నీ మెడల గడ్డ ఉన్నదంటె నేను రోడ్డు మీద ఏడ్చినరా. మనిషివి బతికినవ్ గద. బతికి గోడను జూస్కుంట పంటవా?"

వదిన గుమ్మంలో నిలబడిపోయింది. వాడు కదల్లేదు. చెప్పులు వేసుకుని వచ్చేశాను, ఒక చెప్పు వాళ్లదట, ఇంటికొచ్చాక సవిత చూసింది.

రోగి మనిషి మీద అరుస్తారా ఎవరైనా.

15 డిసెంబర్

ఫోన్ రాలేదు. వాడు చేయలేడు కదా. నేనే చేయాలి. చేయలేదు.

22 డిసెంబర్

సింధూజ వచ్చి నా చెప్పు ఇచ్చి, వాళ్ల చెప్పు తీసుకుపోయింది. బాపు ఎట్లున్నాడని అడగలేదు. తనే చెప్పింది, వరండాలో కూర్చుంటున్నాడని.

3 జనవరి 2026, శనివారం

మా క్లాసు వాట్సాప్ గ్రూపు నేను చూడను. గుడ్ మార్నింగులూ గులాబీ పువ్వులూ. ఇవాళ భూమేష్ ఫోన్ చేసి "గ్రూపు సూడురా, జల్ది సూడు" అన్నాడు.

సురేందర్ రాశాడు.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. నిజామాబాద్ నుండి జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ వెళ్లు బస్సు రేపు ఉదయం బయలుదేరును. మార్కండేయ సారు రెండు కాళ్లకు ఒకే జత చెప్పులు వేసుకొని రావలెను."

చదివి సవితకు వినిపించాను. వినిపిస్తుంటే నా గొంతు వాడి గొంతులా పలికిందని అన్నది. నన్ను ఊరడించడానికే అన్నది.

4 జనవరి, ఆదివారం

సార్ చాలా తగ్గిపోయారు. ఇప్పుడు దిండ్లు ఆసరా పెట్టి కూర్చోబెట్టాలి. మంచం పక్కన బల్ల మీద భూమేష్ చెరుకు ముక్కలు చిన్నగా కోసి పళ్లెంలో పెట్టాడు. మేం బల్ల వెనక బెంచీ మీద కూర్చున్నాం. సురేందర్ నా ఎడమ పక్కన, మెడలో సింధూజ కట్టిన నీలం రుమాలుతో. బస్సు దిగినప్పటి నుంచి నా చెయ్యి పట్టుకునే ఉన్నాడు.

"హాజర్," అన్నారు సార్.

భూమేష్ పలికాడు. లింబయ్య పేరు వచ్చినప్పుడు భూమేషే "లేడు సార్" అన్నాడు. హన్మండ్లుకూ అదే. సార్ రెండుసార్లూ తల ఊపారు. నిజం చెబితే ఇంత తేలిగ్గా ఉంటుందని మాకు తెలియదు.

"సురేందర్."

వాడు చెయ్యి ఎత్తాడు. అలవాటు. సార్ మొహం అటూ ఇటూ తిరిగింది, వెతుకుతున్నట్టు. వాడి చెయ్యి గాలిలో అట్లాగే ఉంది.

నేను లేచాను. బకెట్ మీద కూర్చుని చేసిన ప్రాక్టీసంతా గుర్తు తెచ్చుకున్నాను. ఛాతీ నిండా గాలి పీల్చి, వాడిలాగ కొంచెం సాగదీసి, "యెస్ సార్" అన్నాను. సగంలో పగిలిపోయింది. పిల్లి అరిచినట్టు ఉంది.

సార్ నవ్వారు. "ఇది మార్కండేయ గొంతు. నీకు ప్రాక్సీ రాదురా, గప్పుడు రాలె, ఇప్పుడు రాలె." తర్వాత నవ్వు ఆపి అడిగారు. "ఉన్నడా వాడు?"

"ఉన్నడు సార్. నా పక్కనే ఉన్నడు."

"ఉంటె ప్రెజెంటే."

సురేందర్ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని చూశాను. నవ్వుతున్నాడు. చప్పుడు లేకుండా, కళ్లలోంచి నీళ్లు కారుతుండగా, నా పిల్లి అరుపుకు పడి పడి నవ్వుతున్నాడు. దాంతో నాకు దుఃఖం పొంగుకొచ్చింది, ఆపుకోలేక కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

"మార్కండేయ," అన్నారు సార్.

పలకాలి. నా పేరే. నోరు పెగల్లేదు.

"మార్కండేయ."

అప్పుడు నా ఎడమ పక్కన బల్ల మీద దబ్బున ఒక అరచెయ్యి పడింది. పళ్లెంలో చెరుకు ముక్కలు ఎగిరిపడ్డాయి.

"ఊఁ, ప్రెజెంట్," అన్నారు సార్, ఆ చప్పుడు వైపు తిరిగి. తర్వాతి పేరు పిలిచారు.